వాకర్ అనే ఇంటిపేరు, ఉన్ని బట్ట తొక్కే వృత్తి

వాకర్ అన్న ఆంగ్లేయుల ఇంటిపేరుకు "నడిచేవాడు" అని కొందరు చెప్పే అర్థం నేటి ఇంగ్లీషును బట్టి సహజంగానే తోస్తుంది గాని, ఆ పేరు పుట్టిన కాలానికి అది చెల్లదు. అది వృత్తిని బట్టి వచ్చిన పేరు. మగ్గం దిగిన ఉన్ని బట్టను తడిపి, తొక్కి, దళసరిగా చేసే పనివాణ్ణి ప్రాచీన ఆంగ్లంలో "వెయల్కెరె" అనేవారు. దానికి మూలమైన "వెయల్కన్" అనే క్రియకు దొర్లించడం, అటూ ఇటూ పొర్లించడం అని అర్థం; కాలినడకన పోవడమనే అర్థం ఆ తరువాత, మధ్యకాలపు ఆంగ్లంలో స్థిరపడింది.

ఆ పని ఎలా సాగేదో తెలిస్తే పేరు ఇంకా బాగా బోధపడుతుంది. నేసిన ఉన్ని బట్ట వదులుగా, జిడ్డుగా ఉంటుంది. దాన్ని తొట్టిలో వేసి, నిలవ ఉంచిన మూత్రం పోసి, పనివాడు కాళ్లతో చాలాసేపు తొక్కేవాడు. నిలవ మూత్రంలో పుట్టే అమ్మోనియా జిడ్డును వదిలిస్తుంది. తొక్కుడుకు ఉన్ని వెంట్రుకల మీది సన్నని పొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడి, బట్ట కుంచించుకుపోయి, పడుగూ పేకా విడిగా కనబడనంత చిక్కబడుతుంది. జిడ్డు లాగడానికి ఒక రకం మట్టిని కూడా వాడేవారు. మన ఇళ్లలో ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి ఆ కోవకు చెందినదే. దాన్ని ఇంగ్లీషులో "ఫుల్లర్స్ ఎర్త్" అనడానికి కారణం ఈ వృత్తే.

ఎందుకంటే ఫుల్లర్ కూడా ఇదే పనివాడు. ఈ ఒక్క వృత్తికి ఇంగ్లండులో ప్రాంతాన్ని బట్టి మూడు పేర్లుండేవి, మూడూ ఇంటిపేర్లయ్యాయి: ఉత్తరాన వాకర్, ఆగ్నేయాన ఫుల్లర్, నైరుతిన డెవన్, సోమర్సెట్ ప్రాంతాల్లో టకర్. ఫుల్లర్ లాటిన్ "ఫుల్లో" నుంచి వచ్చింది. టకర్‌కు మూలమైన ప్రాచీనాంగ్ల క్రియకు బాధించడం, హింసించడం అని అర్థం. బట్ట పడే బాదుడును తలచుకుంటే ఆ మాట ఎంత తగినదో తెలుస్తుంది. ఎక్సెటర్ పట్టణంలో నేతవారూ ఈ పనివారూ కలిసిన సంఘానికి 1471లో కట్టిన మందిరాన్ని ఇప్పటికీ టకర్స్ హాల్ అనే పిలుస్తారు. పద్నాలుగో శతాబ్దం చివరి ఆంగ్లానువాదమైన విక్లిఫ్ బైబిలులో, మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో, మన తెలుగు బైబిలు "ఏ చాకలియు" అన్న చోట, ఫుల్లర్, వాకర్ అనే రెండు మాటలనూ పక్కపక్కనే వేశారు. ఒక ప్రాంతపు మాట మరో ప్రాంతపు పాఠకుడికి అందదేమోనన్న జాగ్రత్తే అందుకు కారణమని నేననుకుంటాను.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాతే అక్కడ ఇంటిపేర్లు మెల్లగా వంశపారంపర్యమయ్యాయి. సామాన్యుల్లో ఆ పద్ధతి కుదురుకోవడానికి మరో మూడు శతాబ్దాలు పట్టింది. ఈలోగా పనే మారిపోయింది. నీటి చక్రంతో కదిలే కొయ్య సుత్తులు బట్టను బాదే మిల్లులు 1185 నాటి టెంప్లార్ల (క్రైస్తవ సన్యాసి యోధుల సంఘం) ఆస్తుల లెక్కల్లోనే, యార్క్‌షైర్‌లోనూ గ్లోస్టర్‌షైర్‌లోనూ, కనబడతాయి. కాళ్లతో తొక్కే అవసరం తగ్గుతూ వచ్చిన ఆ రోజుల్లోనే తొక్కేవాడన్న పేరు కుటుంబాలకు శాశ్వతంగా అంటుకుంది.

స్కాట్లండు పడమటి దీవుల్లో మాత్రం పాత పని చాలాకాలం నిలిచింది. అక్కడి స్త్రీలు బల్ల చుట్టూ కూర్చొని, తడి బట్టను లయగా బాదుతూ పాడిన పాటలను ఇంగ్లీషులో "వాకింగ్ పాటలు" అనే అంటారు, వర్ణక్రమం మాత్రం వేరు. ఆ దేశపు గేలిక్ భాషలో ఈ పనివాడి కొడుకు అని అర్థమిచ్చే ఇంటిపేరు గలవారు కొందరు ఇంగ్లీషులో వాకర్ అని రాసుకున్నారు.

ఒక మినహాయింపు ఉంది. న్యూకాసిల్ దగ్గర వాకర్ అనే ఊరుంది. రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ పక్కనున్న చిత్తడినేల కాబట్టి, గోడ, చిత్తడి అనే రెండు మాటలు కలిసి దానికా పేరు వచ్చింది. కొందరి ఇంటిపేరు ఆ ఊరి నుంచి వచ్చి ఉండవచ్చు గనుక, ఒక ఫలానా కుటుంబం గురించి చెప్పవలసి వస్తే ముందుగా వారి పూర్వికులు ఏ ప్రాంతంవారో చూడాలి.