‘వెన్ ద లెవీ బ్రేక్స్’: ఆనకట్టా, కరకట్టా?

ప్రశ్న: బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ పాట పేరును ఒకచోట ‘ఆనకట్ట తెగినప్పుడు’ అని అనువదించారు. సరైనదేనా? చరణంలో ఒకే పాదం రెండుసార్లు ఎందుకు వస్తుంది?

జవాబు: ఆనకట్ట కాదండీ, కరకట్ట. ఆనకట్టను నదికి అడ్డంగా కడతారు, కరకట్టను ఒడ్డు వెంబడి వేస్తారు. ఈ పాట విషయంలో ఆ తేడాను వదులుకోలేం. 1927 ఏప్రిల్ 21న అమెరికాలోని మౌండ్స్ ల్యాండింగ్ దగ్గర మిసిసిపీ నది కరకట్టకు గండి పడింది. అంతవరకూ కట్ట మీద ఇసుక బస్తాలు మోసింది ఎక్కువగా నల్లజాతి కూలీలు. తుపాకులు చూపించి మరీ పని చేయించారు. గ్రీన్‌విల్ పట్టణం మునిగాక వేలమంది ఆ కట్ట మీదే ఉండిపోయారు. తెల్లవారిని పడవల్లో తరలించారు గానీ, కూలీలు మళ్లీ తిరిగి రారేమోనని తోటల యజమానులు వారిని కదలనివ్వలేదు.

రెండేళ్లకు, 1929 జూన్‌లో, కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ జంట ఈ పాటను రికార్డు చేసింది. రెండు గిటార్లు, జో గొంతు, అంతే. అది బ్లూస్ అనే అమెరికా నల్లజాతి పాటల రీతి. బ్లూస్ చరణంలో మొదటి పాదం రెండుసార్లు వస్తుంది, మూడో పాదం దానికి ముగింపు. వాన ఆగకపోతే కట్ట తెగుతుందని రెండుసార్లు చెప్పి, ఉండటానికి చోటు మిగలదని మూడోసారి చెబుతారు. రెండోసారి వినేసరికి వాన ఇంకా తగ్గలేదని మనకే తెలుస్తుంది. పునరుక్తి అనుకుని అనువాదంలో ఆ పాదాన్ని ఎత్తేయడాన్ని నేను ఒప్పుకోను.

జెప్పెలిన్ బృందం చేసింది ఆ ఎదురుచూపును డ్రమ్స్‌లోకి తేవడం. ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో బృందం డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్‌ను మెట్ల కింది హాల్లో పెట్టి, మైకులను పైఅంతస్తు నుంచి వేలాడదీశారు. దెబ్బ పడ్డాక ఆ గోడల మోత కూడా టేపులోకి ఎక్కింది. 1971 నవంబరులో వచ్చిన నాలుగో ఆల్బమ్‌కు ఇదే చివరి పాట. ఏడు నిమిషాలు దాటుతుంది. రచయితల్లో బృందంలోని నలుగురితో పాటు మిన్నీ పేరు వేశారు. తొలిసారి పాడిన జో పేరు లేకపోవడం అన్యాయమే.

మరొకరి ప్రశ్న: చరణంలో ‘ఇఫ్’, శీర్షికలో ‘వెన్’. మనకు ‘తెగితే’ అన్న ఒక్క మాట రెండింటికీ సరిపోదా?

జవాబు: సరిపోదండీ. చరణంలో షరతు వానకే, కట్టకు కాదు: ‘వాన ఇలాగే కురిస్తే కట్ట తెగుతుంది.’ శీర్షికలో ఆ షరతు కూడా లేదు, తెగడం ఖాయం. అందుకే నేను ‘కరకట్ట తెగిన నాడు’ అంటాను. ‘గండి పడిన నాడు’ అన్నా తప్పు కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు మన పత్రికలు రాసింది బుడమేరు గండ్ల గురించే. అయితే గండి అనగానే మనసు కట్టలో ఒక్క చోటికి పోతుంది. పాటలో భయం కట్ట మొత్తం గురించి.