షెర్మన్ దంపతుల కేసు: యూట్యూబ్ స్క్రిప్టులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

పానగల్లు మాస్టారు (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. దేవరకొండలో ఉంటున్న మా మేనల్లుడు నేర కథనాల యూట్యూబ్ ఛానల్ ఒకటి నడుపుతున్నాడు. కెనడాలోని టొరంటోలో 2017 డిసెంబరులో చనిపోయిన బ్యారీ షెర్మన్, హనీ షెర్మన్ దంపతుల కేసును మూడు భాగాలుగా చెప్పాలని స్క్రిప్టు రాసుకొని, "మామా, అచ్చుతప్పులు చూసిపెట్టు" అని నాకు పంపాడు. అచ్చుతప్పులు పెద్దగా లేవు గానీ, చదివాక నాకు వేరే బెంగ పట్టుకుంది.

కేసు తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. బ్యారీ షెర్మన్ 1974లో అపోటెక్స్ అనే జనరిక్ మందుల కంపెనీని స్థాపించి, కెనడాలోని అత్యంత ధనవంతుల్లో ఒకరయ్యారు. చనిపోయేనాటికి ఆయనకు 75 ఏళ్లు, భార్యకు 70. డిసెంబరు 13 తర్వాత వారిద్దరూ ఎవరికీ కనిపించలేదు. ఇల్లు అప్పటికే సుమారు 69 లక్షల కెనడా డాలర్లకు అమ్మకానికి పెట్టి ఉండడంతో, 15వ తేదీన ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు కొనదలచిన వారికి ఇల్లు చూపిస్తూ సెల్లార్‌లోని స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వెళ్లగా, పూల్ పక్కన ఉన్న పొట్టి రెయిలింగుకు మెడలోని బెల్టులతో కట్టి, సగం కూర్చున్నట్టుగా ఇద్దరి మృతదేహాలూ కనిపించాయి. ఇంట్లోకి బలవంతంగా చొరబడిన ఆనవాళ్లు లేవని, తాము ఎవరి కోసమూ వెతకడం లేదని పోలీసులు చెప్పడంతో, భర్తే భార్యను చంపి తానూ ప్రాణం తీసుకున్నాడన్న కథనం మర్నాటికే పత్రికలకెక్కింది. కుటుంబం దాన్ని తీవ్రంగా ఖండించింది. ఆరు వారాల తర్వాత, 2018 జనవరి 26న, అదే పోలీసు శాఖ ఇవి రెండూ హత్యలేనని, దంపతులను గురిపెట్టి చంపారని ప్రకటించింది. ఇన్నేళ్లయినా ఒక్కరినీ అరెస్టు చేయలేదు.

మావాడి స్క్రిప్టులో మొదటి భాగం ఇప్పటికీ భర్త మీదే అనుమానం మిగిలిందంటుంది. రెండో భాగం మందుల కంపెనీల మాఫియా అంటుంది. మూడో భాగం ఏకంగా ఆస్తి దక్కినవారిలో ఒకరి పేరు పెట్టి "ఇతనే" అని తేల్చేస్తుంది. ఆధారం ఏమిటని అడిగితే, విదేశీ ఛానళ్లన్నీ అదే అంటున్నాయి కదా అన్నాడు. వైద్యం, మందుల పరిశ్రమ, చట్టం తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: ఇందులో నిలిచేది ఎంత?

పాలమూరు వైద్యుడు (మహబూబ్‌నగర్)

మాస్టారూ, నేను ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్నాను కనుక మొదటి భాగం గురించి మాత్రమే మాట్లాడతాను.

ఈ కేసులో 2017 డిసెంబరు 17న పోలీసులు వెల్లడించిన మరణకారణం, మెడకు కట్టు బిగుసుకోవడం వల్ల కలిగిన ఒత్తిడి. చాలామంది అక్కడే పొరపడతారు. అది మరణానికి కారణమే గానీ, మరణం ఏ రీతిలో జరిగిందన్నది కాదు. ఉరి వేసుకున్నా, మరొకరు తాడుతో మెడ బిగించి చంపినా ఆ మాటే సరిపోతుంది. ఆత్మహత్యా, హత్యా, ప్రమాదమా అన్నది మరో ప్రశ్న. దానికి శవపరీక్ష ఒక్కటే చాలదు, దొరికిన చోటు, కట్టిన తీరు, ఒంటి మీది ఇతర గుర్తులు, వస్తువుల స్థితి అన్నీ కలిపి చూడాలి.

మామూలుగా ఉరిలో కట్టు గుర్తు మెడ పైభాగాన, ఏటవాలుగా, ముడి ఉన్న వైపు తెగిపోయినట్టు ఉంటుంది. మరొకరు బిగించినప్పుడు అది కిందుగా, అడ్డంగా, చాలాసార్లు మెడ చుట్టూ పూర్తిగా ఉంటుంది. ముందు చంపి ఆ తర్వాత వేలాడదీసినట్టు చూపించే సందర్భాల్లో రెండు రకాల గుర్తులూ కనిపించవచ్చు. ఈ తేడాలు మా విద్యార్థులకు మొదట్లోనే చెప్పే పాఠం, అయితే బెల్టు వంటి వెడల్పాటి, మెత్తని వస్తువు వాడినప్పుడు గుర్తులు అంత స్పష్టంగా పడవు. పైగా శరీరం నేలను తాకుతూ ఉన్నా ఉరి సంభవమే కాబట్టి, సగం కూర్చున్న భంగిమను చూసి "ఇది ఆత్మహత్య కానే కాదు" అని కొట్టిపారేయలేము, "ఇది ఆత్మహత్యే" అని తేల్చనూ లేము.

టొరంటోలో ఏం జరిగిందో చూడండి. అంత్యక్రియలకు ముందే కుటుంబం తరఫున మరో పేథాలజిస్టు రెండోసారి శవపరీక్ష చేశారు. కుటుంబం నియమించుకున్న ప్రైవేటు పరిశోధకుల బృందం ఇది జంటహత్యేనన్న అభిప్రాయానికి వచ్చినట్టు, పోలీసుల ప్రకటనకు కొద్దిరోజుల ముందే టొరంటో స్టార్ పత్రిక రాసింది. వారిద్దరి మణికట్ల మీద కట్టేసిన గుర్తుల వంటివి ఉన్నట్టు కూడా ఆ పత్రిక కథనాల్లో వచ్చింది. ఇదంతా అయ్యాక కూడా ఆ పెద్దాయన మీద భార్యను చంపాడన్న మచ్చను వీడియోలో మళ్లీ పూయడంలో అర్థం నాకు కనిపించడం లేదు. మొదటి భాగాన్ని తీసేయనక్కరలేదు, కానీ "పోలీసులు మొదట ఎందుకు అలా అనుకున్నారు, తర్వాత ఎందుకు మార్చుకున్నారు" అన్న దిశలో తిరగరాయించండి. ఆ కథ నిజానికి ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

జడ్చర్ల క్వాలిటీ

నేను పోలేపల్లి వైపు ఒక మాత్రల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. రెండో భాగంలోని "మందుల మాఫియా" అనే మాట చదివి నవ్వు వచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

షెర్మన్‌కు వ్యాపారంలో శత్రువులు లేరని ఎవరూ అనరు. అపోటెక్స్ పేటెంటు ఉన్న పెద్ద కంపెనీలతో దశాబ్దాల పాటు వ్యాజ్యాలు నడిపిన కంపెనీ. బాగా తెలిసిన ఉదాహరణ క్లోపిడోగ్రెల్, అంటే గుండెజబ్బు ఉన్న మన పెద్దవాళ్లు రోజూ వేసుకునే, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర. పేటెంటు కేసు తేలకముందే 2006 ఆగస్టులో అపోటెక్స్ తన జనరిక్ మాత్రను అమెరికా మార్కెట్లోకి దింపేసింది. ఆ నెలాఖరుకే కోర్టు ఆపించింది. చివరికి ఓడిపోయి 44 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టాల్సివచ్చింది. అంతటి తెగింపు ఎందుకంటే, అమెరికాలో 1984 నాటి చట్టం ప్రకారం పేటెంటును సవాలు చేస్తూ మొదట దరఖాస్తు చేసిన జనరిక్ కంపెనీకి 180 రోజుల పాటు, తర్వాత దరఖాస్తు చేసిన ఇతర జనరిక్ కంపెనీల పోటీ లేకుండా అమ్ముకునే ప్రత్యేక హక్కు దక్కుతుంది. ఆ ఆరు నెలల్లో వచ్చే లాభం ఆ తర్వాత ఏళ్ల తరబడి రాదు.

ఇప్పుడు మీ మేనల్లుడిని ఒక్క ప్రశ్న అడగండి. ఈ పోట్లాట కంపెనీకీ కంపెనీకీ మధ్య జరిగేది, ఫైళ్ల మీద, వకీళ్ల ద్వారా నడిచేది. 75 ఏళ్ల వ్యవస్థాపకుడు చనిపోతే ఏ పేటెంటు కేసు ఆగిపోతుంది? ఏ దరఖాస్తు రద్దవుతుంది? ఆయన పోయాక కూడా అపోటెక్స్ మందులు తయారు చేస్తూనే ఉంది, కేసులు నడుపుతూనే ఉంది. పగ ఉండడం వేరు, చంపితే పని నెరవేరడం వేరు. భార్యను కూడా ఎందుకు చంపాలన్న ప్రశ్నకు కూడా ఈ సిద్ధాంతం దగ్గర జవాబు లేదు. మా ఫ్యాక్టరీలో బ్యాచ్ ఫెయిలైతే "ఎవరో కుట్ర చేశారు" అని రాస్తే మా మేనేజరు ఆ కాగితం మొహాన కొడతాడు. ఏ యంత్రం, ఏ షిఫ్టు, ఏ రీడింగు అని అడుగుతాడు.

వనపర్తి పాఠకుడు

పెద్దలు అన్యథా భావించకండి, నాది భిన్నాభిప్రాయం. బయటివారు ఊహించడమే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. పోలీసుల మాటే చివరి మాట అనుకొని అందరూ నోరు మూసుకుని ఉంటే, ఆ కేసు భార్యను చంపి భర్త చనిపోయిన ఉదంతంగానే మూసుకుపోయేది కాదా? కుటుంబం నమ్మలేదు, డబ్బు పెట్టి సొంత బృందాన్ని దింపింది, పత్రికలు ప్రశ్నించాయి, అందుకే కేసు మలుపు తిరిగింది. తర్వాత 2018 అక్టోబరులో కోటి డాలర్ల బహుమతి ప్రకటించారు, 2022 డిసెంబరులో దాన్ని మూడున్నర కోట్లకు పెంచారు. అంత సొమ్ము ఆశ చూపి జనాన్ని సమాచారం అడుగుతున్నప్పుడు, జనం ఆలోచించకూడదని అనడం ఎలా కుదురుతుంది? 2021 డిసెంబరులో పోలీసులే స్వయంగా, ఆ రాత్రి ఆ ఇంటి పరిసరాల్లో తిరిగిన గుర్తుతెలియని వ్యక్తి వీడియోను విడుదల చేసి, ఆ నడకను గుర్తుపట్టమని కోరారు. కుడి పాదాన్ని ఒక రకంగా విసిరి నడుస్తాడు. అటువంటి నడక ఎవరిదో పోల్చి చూడడం తప్పా?

కోర్టు చౌరస్తా (నల్లగొండ)

వనపర్తి మిత్రుడి వాదనలో సగం బలంగా ఉంది, ఆ సగాన్ని ముందుగా ఒప్పుకోవాలి. పోలీసుల నిర్ణయాన్ని ప్రశ్నించడం పౌరుడి హక్కు, కొన్నిసార్లు బాధ్యత కూడా. అయితే షెర్మన్ కేసులో ప్రశ్నించినవారు ఏం చేశారో గమనించండి: శవపరీక్ష మళ్లీ చేయించారు, ఇంటిని మళ్లీ పరిశీలించారు, కోర్టులో దరఖాస్తు వేశారు. టొరంటో స్టార్ విలేకరి కెవిన్ డొనోవన్, దంపతుల వీలునామా ఫైళ్లను రహస్యంగా ఉంచాలన్న ఉత్తర్వు మీద పోరాడి, 2021 జూన్ 11న కెనడా సుప్రీంకోర్టు దాకా గెలిచాడు. కోర్టు వ్యవహారాలు బహిరంగంగా ఉండడమే సూత్రమని, వ్యక్తిగత విషయాలు బయటపడతాయన్న ఇబ్బంది ఒక్కటే చాలదని, మనిషి గౌరవానికే తీవ్రమైన ముప్పు ఉందని చూపిస్తేనే ఫైళ్లు మూయవచ్చని ఆ న్యాయస్థానం చెప్పింది. ఇంత పోరాడి ఫైళ్లు తెరిపించిన విలేకరి కూడా, ఆస్తి ఎవరికి దక్కిందో తెలిసినంత మాత్రాన హంతకుడు ఫలానా అని రాసేయలేదు. ఆస్తి దక్కడం నేరానికి రుజువైతే, మన జిల్లాలో వారసత్వ సర్టిఫికెట్ కోసం వచ్చే ప్రతి కొడుకూ ముద్దాయే కావాలి.

నడక విషయం. ఆ మనిషి ఎవరో గుర్తుపడితే పోలీసులకు చెప్పమన్నారు, అంతే. బయటి ఛానళ్లు చేసింది వేరు: పెళ్లి వీడియోల్లో, పాత ఇంటర్వ్యూల్లో ఎవరెలా నడిచారో ముక్కలు కత్తిరించి పక్కపక్కన పెట్టి పోల్చారు. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత రెడిట్ అనే ఇంటర్నెట్ చర్చా వేదికలో సరిగ్గా ఇలాగే ఫొటోలు పోల్చి, అప్పటికే కనిపించకుండా పోయిన ఒక భారత సంతతి విద్యార్థిని బాంబు పెట్టినవాడిగా ప్రచారం చేశారు. కొడుకు ఆచూకీ కోసం తల్లడిల్లుతున్న ఆ కుటుంబానికి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. కొన్ని రోజులకు ఆ అబ్బాయి మృతదేహం నదిలో దొరికింది. పేలుళ్లతో అతనికి ఏ సంబంధమూ లేదు. రెడిట్ యాజమాన్యం బహిరంగంగా క్షమాపణ చెప్పింది, కానీ అది ఆ తల్లిదండ్రులకు ఏపాటి ఓదార్పు?

మన చట్టం సంగతి. ఇక్కడ అనుమానాస్పద మరణం జరిగితే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194వ సెక్షన్ కింద, పాత చట్టంలో 174, పోలీసు అధికారి ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేదా అంతకు మించిన పెద్దమనుషుల సమక్షంలో శవపంచనామా రాస్తాడు. మీలో ఎందరో పంచులుగా సంతకాలు పెట్టి ఉంటారు. ఆ పంచనామా ఉద్దేశం మరణం అసహజమా, కంటికి కనిపించే కారణం ఏమిటి అన్నంత వరకేనని, ఎవరు చంపారు, ఎలా చంపారు అన్నవి దాని పరిధిలోకి రావని పెద్ద నారాయణ కేసులో 1975లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శవాన్ని కళ్లారా చూసిన పంచులకే లేని అధికారం, ఖండాంతరంలో జరిగిన దాన్ని ఫోన్‌లో చూసినవారికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మీ మేనల్లుడికి నేరుగా తగిలే విషయం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టాన్ని నేరంగా చెబుతుంది; రెండేళ్ల దాకా సాధారణ జైలు శిక్షో, జరిమానానో, రెండూనో, లేదా సమాజసేవో పడవచ్చు. చనిపోయినవారి మీద వేసిన నింద కూడా, వారు బతికి ఉంటే వారి పరువుకు భంగమయ్యేదై, కుటుంబ సభ్యులను బాధించే ఉద్దేశంతో చేసినదైతే, దీని కిందికే వస్తుందని అందులోని మొదటి వివరణ చెబుతుంది. కనుక మూడో భాగంతో పాటు మొదటి భాగంలోనూ మెలకువ అవసరం. టొరంటో వాళ్లు దేవరకొండ దాకా వచ్చి కేసు వేస్తారా అని మావాళ్లు కొందరు నవ్వుతారు. బహుశా రారు. ఎవరూ అడగరు కదా అన్న ధీమాతో ఒక మనిషిని హంతకుడు అనడం నాకు మాత్రం మింగుడుపడదు.

వనపర్తి పాఠకుడు

పేరు పెట్టడం గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. నడక వీడియోను మాత్రం చూపించాలనే అంటాను. కెనడాలో మన తెలుగు పిల్లలు వేల మంది ఉన్నారు, ఎవరికైనా ఉపయోగపడవచ్చు.

పానగల్లు మాస్టారు (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ మావాడికి చదివి వినిపించాను. మొదటి భాగాన్ని డాక్టరు గారు చెప్పినట్టు తిరగరాస్తానన్నాడు. రెండో భాగంలో మాఫియా పోయి క్లోపిడోగ్రెల్ కథ వస్తోంది. అది అతనికి తెగ నచ్చింది. నడక వీడియోను ఎవరితోనూ పోల్చకుండా, పోలీసులు విడుదల చేసింది విడుదల చేసినట్టు చూపిస్తాడు. మూడో భాగంలో పేరు తీసేయడానికి గంటసేపు వాదించి ఒప్పుకున్నాడు, "పేరు లేకుంటే వ్యూస్ ఎట్లొస్తయి మామా" అని ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు కొత్త మెలిక పెట్టాడు. నోటితో పేరు చెప్పడట, థంబ్‌నెయిల్‌లో ఆ వ్యక్తి ఫొటో పెట్టి ఎర్ర సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెడతాడట. దీనికి అడ్డేమీ లేదు కదా అంటున్నాడు. వకీలు గారు కాస్త చెప్పండి.

కోర్టు చౌరస్తా (నల్లగొండ)

మాస్టారూ, 356వ సెక్షన్ నోటి మాటలతో, రాతతో ఆగలేదు. సైగలతో గానీ, కంటికి కనిపించే చిత్రణతో గానీ వేసిన నింద కూడా అందులో ఉంది. ఎర్ర సున్నా దాని కిందికే వస్తుంది, పక్కన ప్రశ్నార్థకం ఉన్నా సరే. థంబ్‌నెయిల్‌కు ఆ మాత్రల డబ్బా ఫొటో పెట్టుకోమనండి.