ట్రాన్సిషన్ ఫాల్ట్‌ల కవరేజీ గురించి ఒక సందేహం

స్కాన్ చైన్‌లు (పరీక్ష కోసం ఫ్లిప్‌ఫ్లాప్‌లను వరుసగా కలిపిన గొలుసులు) అమర్చిన ఒక డిజిటల్ సర్క్యూట్‌కు తయారీ లోపాలను పట్టే టెస్ట్ వెక్టర్లు (ఇన్‌పుట్ విలువల సమితులు) సాఫ్ట్‌వేర్‌తో తయారుచేస్తున్నాను. స్టక్-ఎట్ ఫాల్ట్‌ల (సిగ్నల్ 0 లేదా 1 వద్దే నిలిచిపోయే లోపాల) కవరేజీ, అంటే పట్టుబడే లోపాల శాతం, సంతృప్తికరంగానే ఉంది కానీ, ట్రాన్సిషన్ ఫాల్ట్‌లకు (సిగ్నల్ మారడంలో ఆలస్యమయ్యే లోపాలకు) లాంచ్-ఆన్-క్యాప్చర్ పద్ధతి వాడినప్పుడు అది బాగా పడిపోతోంది. ఈ ఫాల్ట్‌లను పట్టడానికి వరుసగా రెండు వెక్టర్లు కావాలి; ఈ పద్ధతిలో రెండవ వెక్టర్ మొదటిదానికి సర్క్యూట్ ఇచ్చే ప్రతిస్పందన నుంచే రావాలి కాబట్టి కొంత తగ్గుదల సహజమే. లాంచ్-ఆన్-షిఫ్ట్‌కు (స్కాన్ చైన్‌ను చివరిగా ఒక అడుగు జరిపి రెండవ వెక్టర్‌ను పొందే పద్ధతికి) మారుదామంటే, సర్క్యూట్‌ను స్కాన్ మోడ్‌కూ సాధారణ మోడ్‌కూ మార్చే స్కాన్ ఎనేబుల్ సిగ్నల్ పూర్తి క్లాక్ వేగంతో మారవలసి ఉంటుంది. పైగా సాధారణ పనితీరులో ఎన్నడూ ఎదురుకాని స్థితుల వల్ల మంచి చిప్‌లు కూడా తిరస్కరణకు గురికావచ్చు (నాకు అసలు చిక్కు ఇదే). మిగిలిన ఫాల్ట్‌లలో నిజంగా పరీక్షించ వీలులేనివేవో, సాఫ్ట్‌వేర్ మధ్యలో విరమించుకున్నవేవో విడదీయడానికి, బ్యాక్‌ట్రాక్ పరిమితిని (సాఫ్ట్‌వేర్ ఒక ఫాల్ట్‌కు వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించే గరిష్ఠ సంఖ్యను) పెంచడం కాక వేరే మార్గమేదైనా ఉంటే అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరా?