పాత బుల్లి రైలు కట్ట మీద నడక: ఎవరైనా వెళ్ళారా?

టెక్కలి_నడక
మన శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం దాకా నడిచిన బుల్లి రైలు 2004లో ఆపేసి బ్రాడ్‌గేజి వేసినప్పుడు, వంపులు సరిచేసిన చోట పాత కట్ట పక్కకి మిగిలిపోయింది కదా. టెక్కలి దాటాక అలాంటి ముక్క ఒకటి మొన్న నడిచాను, కిలోమీటరున్నర ఉంటుంది. తుప్పలు కొట్టిస్తే పొద్దుటే ఊరివాళ్ళందరూ నడిచే దారి అవుతుంది. పాతపట్నం వైపు ఇలాంటివి ఇంకా ఉన్నాయా? ఏ నెలలో వెళ్ళాలి? దారిలో తాగే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

పాతపట్నం_అప్ప
బుల్లి రైలు అనగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నౌపడలో ఎండుచేపలు కొని తట్టతో ఎక్కేది. పెట్టెలో ఎవరూ ముక్కు మూసుకునేవారు కారు, అందరి తట్టల్లోనూ అవే. ఇంటికొచ్చేసరికి బొగ్గు నుసి పడి తెల్లచీర నల్లచుక్కల చీర అయిపోయేది. ఆ కట్ట మీద నడిచే దారి చేస్తే మొదటిరోజు నేనొస్తాను, మోకాళ్ళ నొప్పులున్నా సరే.

కొండగాలి
నేను వెళ్ళాను. భలే ఉంటుంది. పట్టాల మధ్య రెండడుగులే, అచ్చం డార్జిలింగు బండి లాంటిదే మనదీ.

కీమేన్_తాత
రెండడుగులు కాదు బాబూ. రెండున్నర. 762 మిల్లీమీటర్లు. డార్జిలింగుది 610. తెలియకుండా రాయకండి. ఆ లైనులో నేను కీమేన్‌గా చేశాను. పొద్దున్నే సుత్తి, స్పానరు భుజానేసుకుని నా బీటంతా నడిచి, పట్టాని పట్టి ఉంచే కీ వదులైతే ప్రతిదీ బిగించేవాణ్ణి. ఆ కట్ట మీద మీరందరూ ఇప్పుడు నడుస్తామంటున్నారు, నేను ఉద్యోగమంతా నడిచాను.

కొండగాలి
అరడుగు తేడాకి ఇంత కోపమెందుకండీ? చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి.

కీమేన్_తాత
చూసేవాడికి ఒకటే. గేజి కడ్డీ పట్టుకుని పట్టాల ఎడం కొలిచేవాడికి అరంగుళం తేడా వచ్చినా బండి పడిపోతుంది. ఆ పూచీ మా మెడ మీద ఉండేది. అందుకే కోపం.

పర్లాకిమిడి_చరిత్ర
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఈ లైను పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో వేయించింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా బండి నడిచింది, గుణుపురం దాకా పొడిగించింది తర్వాత. అప్పుడు అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. 1936లో ఒరిస్సా విడిపోయాక ఒకే లైను రెండు రాష్ట్రాల మధ్య పడింది. నడక దారి చెయ్యాలన్నా ఇద్దరూ కలవాలి.

విజీనగరం_వకీలు
చరిత్ర సరే, చట్టం కూడా చూడండి. పట్టాలు తీసేసినంత మాత్రాన భూమి ఊరిది అయిపోదు, అది రైల్వేదే. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ. పాత కట్ట అనుకుని నడుస్తూ కొత్త లైను మీదికి వెళ్ళిపోతే ప్రాణానికే ముప్పు.

మెళియాపుట్టి_రైతు
జైలేటండీ? మా పొలానికి అదే దారి. వర్షాకాలంలో గట్లన్నీ మునిగిపోతే కట్ట మీంచే నారు మోసుకెళ్తాం. ఊడ్పులప్పుడు మీరు సోకుగా నడవడానికొస్తే మేమెటు పోవాలి? అడిగారా మమ్మల్ని ఎవరైనా?

టెక్కలి_నడక
అన్నా, మీ దారి తీసుకోవడానికి కాదు. మీరు వాడుకుంటున్నారు కాబట్టే అది ఇంకా మిగిలుంది.

అత్తగారింట్లో_అమెరికా
మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు న్యూయార్కులో హైలైను చూశాను. 1980లో ఆఖరి గూడ్సు పోయాక పాడుబడిన లైను, 2009లో నడక దారిగా తెరిచారట. మొత్తం 2.3 కిలోమీటర్లే. అక్కడక్కడా పాత పట్టాలు మొక్కల మధ్య అలాగే ఉంచేశారు. నేను వంగి ఆ పట్టాని చేత్తో తాకాను. చల్లగా ఉంది. మన నౌపడ పట్టాలు తుక్కుకి పోయినరోజు గుర్తొచ్చి కళ్ళనీళ్ళొచ్చాయి.

సాలూరు_కుర్రోడు
అమెరికా సంగతి అమెరికాకి. పట్టాలున్న చోట ముందు రైలు అడగండి. నా చదువంతా బొబ్బిలి–సాలూరు రైలుబస్సు మీద సాగింది. లైను ఖాళీగా ఉందంటే మనవాళ్ళు వెంటనే పార్కు అంటారు. నాకు పార్కొద్దు, బండి కావాలి.

ఉద్దానం_కొబ్బరి
బ్రాడ్‌గేజి వేశారుగా తమ్ముడూ, గుణుపురం బండి నడుస్తోంది. వాళ్ళు మాట్లాడేది మిగిలిన మట్టి గురించి. ఆ మట్టి గురించే నా బాధ కూడా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మా కొబ్బరి చెట్లన్నీ పడగొట్టింది. కట్ట మీది తాడిచెట్లు మాత్రం చాలావరకు నిలబడ్డాయి. ఇప్పుడు ఆ చెట్ల మొదళ్ళు తవ్వి ట్రాక్టర్లతో మట్టి ఎత్తుకుపోతున్నారు, ఇళ్ళ పునాదులు నింపడానికి. ఒక చోట తాడి వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. గాలివాన కూల్చలేని చెట్టుని పారతో కూల్చేస్తున్నారు.

కొండగాలి
ఏ ఊరి దగ్గర? ఫొటో, లొకేషను పెట్టండి, అందరం వెళ్తాం.

ఉద్దానం_కొబ్బరి
పెట్టను. నిరుడు ఒకాయన వీడియో పెట్టాడు, నెల తిరక్కుండా ఇంకో రెండు జేసీబీలొచ్చాయి.

పర్లాకిమిడి_చరిత్ర
దాచేస్తే ఎవరికి తెలుస్తుంది? తెలియనిదాన్ని ఎవరు కాపాడతారు? మీలాంటివాళ్ళ వల్లే ఆనవాళ్ళన్నీ పోయాయి.

ఉద్దానం_కొబ్బరి
నావల్ల పోయాయా? అర్ధరాత్రి ట్రాక్టరుకి అడ్డం నిలబడింది నేను. మీరు ఆరోజు ఎక్కడున్నారు?

కీమేన్_తాత
ఇద్దరూ ఆగండి. ఊరు పేరు నేనూ రాయను, ఏం చూడాలో మాత్రం చెప్తాను. ఇటుక కమాను తూము కనబడితే కిందికి దిగి చూడండి. సున్నం గచ్చు, ఇటుకల మధ్య గోరు దూరదు. మేం వానాకాలం ముందు అందులో పూడిక తీసేవాళ్ళం. తూము నోరు మూసుకుపోతే నీళ్ళు కట్టని కోసేస్తాయి. నడక దారి చేసేవాళ్ళు బెంచీలు తర్వాత వేసుకోండి, ముందు తూములు బాగుచెయ్యండి.

మెళియాపుట్టి_రైతు
తాత చెప్పింది నిజం. మా పక్క తూము మూసుకుపోయి రెండేళ్ళుగా ఎకరం వరి కుళ్ళిపోతోంది. అది తెరిపిస్తామంటే మా ఊరివాళ్ళు పది మంది పలుగులతో వస్తారు. నడవండి, నాకభ్యంతరం లేదు.

తేలినీలాపురం_పక్షి
నెల అడిగారు కదా. డిసెంబరులో రండి. నౌపడ దగ్గరే మా ఊరు, చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అప్పటికి గూళ్ళు కట్టుకునుంటాయి. గట్టిగా మాట్లాడకుండా రండి, పిల్లలు బెదిరి గూట్లోంచి పడిపోతాయి.

పాతపట్నం_అప్ప
పాతపట్నం వైపు గురించి ఎవరూ చెప్పలేదు. నీలమణి అమ్మవారి గుడి దగ్గర స్టేషనులో దిగండి, మా ఇల్లు అక్కడికి దగ్గరే. ఇక్కణ్ణుంచి నేను చూపిస్తాను.

విజీనగరం_వకీలు
అనుమతి కోసం రైల్వే డివిజను ఆఫీసుకి అర్జీ నేను రాసిపెడతాను, డబ్బులొద్దు. రైతులు కూడా సంతకాలు చెయ్యాలి.

టెక్కలి_నడక
చేయిస్తాను. నీళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మెళియాపుట్టి_రైతు
మా ఊరి బడి వెనక బోరింగుంది. పది సార్లు కొట్టాక గానీ నీళ్ళు రావు, కొడుతూ ఉండండి.