‘టేకౌట్ డబుల్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న (తిరుపతి): కొత్తవాళ్ళ కోసం బ్రిడ్జి పేకాట పాఠాలు తెలుగులో రాస్తున్నాం. బిడ్‌కి ‘పాట’ కుదిరింది, చీటీపాట తెలిసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. డబుల్ అంటే అవతలివాళ్ళ పాట మీద పందెం రెట్టించడం కదా, అందులో టేకౌట్ డబుల్ దగ్గర ఆగిపోయాం. ‘తీసివేత డబుల్’ అంటే నప్పుతుందా?

జవాబు (చిత్తూరు): నప్పదన్నా, లెక్కల క్లాసు గుర్తొస్తుంది. అది చేసే పనిని బట్టి పేరు పెట్టండి. కుడివైపు ఆటగాడు ‘ఒక ఆఠీను’ అని పాడాడు, అంటే ఆఠీను తురుపుగా 7 పట్లు (నాలుగు ముక్కల రౌండ్లు) గెలుస్తామని. మన చేతిలో ఇస్పేటు రాజు, జాకీ, 7, 4. ఆఠీను 3 ఒక్కటే. డైమను ఆసు, రాణి, 8, 5. కళావరు రాజు, 9, 6, 2. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున 13 పాయింట్లు. ‘వాళ్ళ రంగు నా దగ్గర దాదాపు లేదు, తక్కిన మూడింట్లో నీకేది బాగుంటే అది పాడు’ అని జోడీకి చెప్పడమే ఈ డబుల్. కాబట్టి ‘పాడించే డబుల్’.

ఇంకొకరు (తిరుపతి): బాగుంది సార్. జోడీ ఏం చెయ్యాలో పేరే చెప్పేస్తుంది. కొత్తవాళ్ళు బోల్తా పడేది అక్కడే. ‘నా చేతిలో ఏమీ లేదు’ అని జోడీ పాస్ అంటాడు, ఒక ఆఠీను డబుల్‌లోనే నిలిచిపోతుంది. వాళ్ళు 7 పట్లకి 9 పడితే మామూలుగా 140 రావాలి, ఇప్పుడు 360. అది కూడా వాళ్ళు వల్నరబుల్ (బోనసులూ జరిమానాలూ పెరిగే స్థితి) కానప్పటి లెక్క. ఎడమవైపు ఆటగాడు మధ్యలో ఏదైనా పాడితేనే జోడీకి పాస్ స్వేచ్ఛ. లేదంటే చేతిలో గట్టి ఆఠీన్లు అయిదారు ఉండాలి.

ప్రశ్న: మరి వాళ్ళు పాట నెగ్గలేరనుకుని చేసే పెనాల్టీ డబుల్?

చిత్తూరు: ‘దండగ డబుల్’. దండగంటే జరిమానా, లెక్క తప్పితే మనకే దండగ! తేడా ఎట్ల తెలుస్తుందంటే, మన జోడీ ఇంకా నోరు విప్పకముందు కింది మెట్టులో రంగు పాట మీద చెప్పింది పాడించేది. వాళ్ళు నాలుగు ఇస్పేట్ల దాకా ఎక్కి కూర్చున్నాక చెప్పింది సాధారణంగా దండగ. డబుల్ చేసిన పాటని వాళ్ళు నెగ్గితే అదనంగా 50 వస్తుంది కదా, ఆటగాళ్ళు సరదాగా అవమానం తాలూకు పాయింట్లంటారు. మనం ‘పరువునష్టం 50’ అనుకోవచ్చు. వాళ్ళు తిరిగి రెట్టించి రీడబుల్ అయితే పరువు ఖరీదు 100.

ఇంకొకరు: కళావరుని కూడా మార్చి ఏ ‘త్రిదళమో’ పెడదామా?

చిత్తూరు: వద్దు నాయనా. అది డచ్చివాళ్ళ ‘క్లావెర్’. 1613లో వాళ్ళు కోట కట్టుకున్న పులికాట్ మనకి మరీ దూరమేం కాదు. ఇన్నాళ్ళుగా నలిగిన మాటని కదపడమెందుకు?

ప్రశ్న: సరే సార్. 9 దాటిన ముక్క ఒక్కటీ లేని చేతికి పేరు?

ఇంకొకరు: ఇంగ్లీషులో యార్‌బరో. అట్లాంటి చెయ్యి రాదని ఆ పేరుగల ప్రభువు ఒకటికి వెయ్యి పందెం కాసేవాడట. అసలు లెక్క ఒకటికి 1827, కాబట్టి లాభమెవరిదో చూడండి. తెలుగులో ‘బోడి చెయ్యి’ చాలు. పాడించే డబుల్‌కి బోడి చేతితోనూ పాడాల్సిందే. పొడవంతా వాళ్ళ ఆఠీన్లలోనే చిక్కుకుంటే, ఇస్పేట్లు మూడే ఉన్నా ‘ఒక ఇస్పేటు’ అనేసి ఊరుకోండి.