పాఠాలు చెప్పే మనిషి దేశాధ్యక్షుడైతే...

జయనగర్ లెక్చరర్: బెంగళూరులో ఒక కాలేజీలో రాజ్యాంగ పాఠాలు చెబుతాను. పోర్చుగల్‌లో 2016లో అధ్యక్షుడైన మార్సెలో రెబెలో ద సౌజా కూడా లిస్బన్‌లో లా ప్రొఫెసరే. నియంతృత్వం పోయాక 1975లో రాజ్యాంగ సభకు ఎన్నికైనప్పుడు ఆయనకు 26 ఏళ్లు! ఎప్పుడైనా ఓడిపోయారా? మా పిల్లలకు చెప్పాలి.

మల్లేశ్వరం శ్రీను: ఓడారు మేడం. 1989లో లిస్బన్ మేయర్ పదవికి పోటీ చేశారు. ప్రచారంలో టేగస్ నదిలో ఈత కూడా కొట్టారు, అయినా ప్రత్యర్థి జార్జ్ సంపాయు గెలిచారు. మార్సెలో 1996లో తన సోషల్ డెమోక్రటిక్ పార్టీకి నాయకుడై 1999లో తప్పుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి టీవీలో రాజకీయాలు విడమరిచి చెప్పారు. నా లెక్కలో అసలు ప్రచారం అదే. అధ్యక్ష ఎన్నికల్లో 2016లో మొదటి రౌండులోనే 52 శాతం ఓట్లు, 2021లో 60 శాతం పైనే.

జయనగర్ లెక్చరర్: చాలా థాంక్స్ అండి. ఎన్నికల్లో ఓడిన అమ్మాయి ఒకతి మా క్లాసులో వారం నుంచి దిగులుగా ఉంది. రేపు ముందు ఆ నది సంగతే చెబుతాను.

మల్లేశ్వరం శ్రీను: 2020లో పోర్చుగల్ దక్షిణాన ఉన్న అల్గార్వ్ తీరంలో, సముద్రంలో పడవ తిరగబడిన ఇద్దరు మహిళల దగ్గరకు ఆయన ఈదుకుంటూ వెళ్లారు. అప్పటికి 71 ఏళ్లు. అదీ చెప్పండి మేడం.