కంభం చెరువుకు పిల్లలతో వెళ్తున్నాము: ఆ నీటికి, ఆ ఊరికి ఇబ్బంది కలగకుండా ఎలా గడపాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం, మా చెల్లెలి కుటుంబం కలిసి పదహారు మందిమి కంభం చెరువు చూడడానికి వెళ్లాలనుకుంటున్నాము. మాలో ఆరుగురు పిల్లలు, డెబ్బై దాటిన మా అమ్మ ఉన్నారు. తుమ్మలపెంట సముద్రతీరం మాకు అలవాటే గాని, కొండల నడుమ మంచినీటి ఒడ్డున ఒక పగలంతా గడపడం ఇదే మొదటిసారి.

ఇంత ముందుగా అడగడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట వేరొక చెరువు దగ్గర వనభోజనం చేసి, తిన్న ప్లాస్టిక్ పళ్లాలను సంచిలో మూటకట్టి చెట్టు మొదట్లో పెట్టి వచ్చాము. ఎవరో ఒకరు తీసుకుపోతారులే అనుకున్నాము. పిల్లవాడి చెప్పులు మరిచిపోయామని వెనక్కి వెళ్లేసరికి ఒక ఆవు ఆ సంచిని చించి, సాంబారు అంటిన కవరును నములుతూ కనిపించింది. సగం కవరు దాని నోట్లోంచి లాగగలిగాము, తక్కిన సగం మింగేసింది. ఆ ఆవు ఏమైందో తెలియదు గాని, నాకు ఆ సంగతి నేటికీ మనసులో నుంచి పోలేదు. ఈసారి అలాంటి తప్పు జరగకూడదు. నీళ్లలో దిగవచ్చా, అక్కడ వంట చేసుకోవచ్చా, ఊరివారికి ఏది కష్టం కలిగిస్తుంది? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (కంభం వాసి)

మీరు తప్పక రండి. అయితే వచ్చే ముందు ఈ చెరువు సంగతి పిల్లలకు కొంచెం చెప్పి తీసుకురండి. రెండు కొండల మధ్య ఉన్న సందును కట్టతో మూసి, నల్లమల వైపు నుంచి వచ్చే గుండ్లకమ్మను, జంపలేరును నిలబెట్టిన చెరువు ఇది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు అయిన వరదరాజమ్మ కట్టించినదని చెబుతారు. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో దీనిని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఇంత పాత కట్ట ఈనాటికీ పొలాలకు నీరిస్తూనే ఉంది. అందుకే కట్ట రాళ్లను కదిలించి నీళ్లలోకి విసరడం, తూముల దగ్గర ఆడుకోవడం, కార్లను కట్ట మీద అడ్డంగా నిలపడం మాకు బాధ కలిగిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యంగా గాజు సీసాలు తేవద్దు. ఒడ్డున పగిలిన సీసా పెంకు ఒడ్డునే ఉండదు. బురదలో కూరుకుపోతుంది, నీరు తగ్గాక బర్రెల గిట్టల్లో దిగుతుంది, కాలువలో పడితే వరిమడికి చేరుతుంది. మడిలో నాట్లు వేసేవారికి కాళ్లకు చెప్పులుండవు. మా ఇంటి ఆడవారిలో ఒకరికి నాట్ల రోజున అరికాలు చీలి, తొమ్మిది కుట్లు పడి, ఆ పంటకాలం పని అంతా పోయింది. కాలిలోంచి తీసిన ముక్క సీసా మూతి, మూత బిగించే మరలు దాని మీద అలాగే ఉన్నాయి.

ఇంకొక మాట. నీటి మీద ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, థర్మోకోల్ ముక్కలు వరసగా తేలుతూ కనిపిస్తే, చెత్త ఏరే ఉత్సాహంలో పిల్లలను వాటిని లాగనివ్వకండి. అవి చేపల వలలకు కట్టిన బెండ్లు. వాటిని తెంపితే వల అడుగుకు పోతుంది.

సమాధానం (గిద్దలూరు నుంచి)

నీటిలో దిగే విషయం నేను చెబుతాను, ఎందుకంటే ఈత వచ్చినవారే చెరువుల్లో మునగడం చూశాను. సముద్రం అలలతో భయపెడుతుంది కాబట్టి పిల్లలు కొంత జంకుతారు. చెరువు నిశ్చలంగా ఉండి ధైర్యమిస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. పైగా ఉప్పునీరు తేల్చినంతగా మంచినీరు మనిషిని తేల్చదు. వేసవిలో ఒండ్రు మట్టి తోలుకుపోయిన చెరువుల్లో గోడల్లాంటి అంచులతో గుంతలు మిగిలిపోతాయి; నీరు చేరాక అవి పైకి కనిపించవు, మోకాలి లోతులో నడుస్తున్న పిల్లవాడు తరువాతి అడుగులో నిండా మునిగిపోతాడు. మునిగిన తుమ్మ కంపలు, మెత్తని బురద ఉండనే ఉంటాయి. కాబట్టి ఒడ్డున కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి, అది కూడా స్థానికులు చూపించిన చోటనే. తూముల దగ్గర, అలుగు దగ్గర అసలే వద్దు.

ఒక పొడవాటి తాడు, గాలి నింపిన టైరు ట్యూబు వెంట ఉంచుకోండి. ఎవరైనా జారితే వెంటనే దూకవద్దు. తాడో చీరో విసిరి ఒడ్డున నిలబడి లాగండి, ఇంకొకరు 112కు గాని 108కి గాని ఫోను చేయండి. పిల్లలను చూసే పనిని ఇద్దరు పెద్దలకు పేరుపెట్టి అప్పగించండి. అందరూ చూస్తున్నారులే అనుకుంటే చివరికి ఎవరూ చూడరు.

సమాధానం (పొదిలి నుంచి)

వంట ఇంట్లోనే ముగించుకుని రండి. పులిహోర, దద్దోజనం, వేయించిన గారెలు ఒక పూటకు చాలు. కొండవాలు గడ్డి ఎండే కాలంలో మూడు రాళ్ల పొయ్యి మంచిది కాదు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం కాబట్టి మోదుగ విస్తళ్లు, ఇంటి స్టీలు గ్లాసులు తెచ్చుకోండి. విస్తళ్లలో కూడా లోపల మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్నవి వద్దు. గిన్నెలను చెరువులో కడగకండి, సబ్బు ఏదైనా నీళ్లలో కలవనివ్వకండి. పసిపిల్లల డైపర్లతో సహా మిగిలినదంతా గోనెసంచిలో వేసి మూతి బిగించి బండి ఎక్కించండి. కాలకృత్యాలకు బయలుదేరే ముందు, దారిలో ఆగేచోట చూసుకోండి. తప్పనిసరి అయితే నీటికి కనీసం రెండు వందల అడుగుల దూరం వెళ్లి గుంత తవ్వి మట్టి కప్పాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సీసా మూతి సంగతి చదివి, మా చెల్లెలు గాజు సీసాల్లో పెట్టిన పచ్చళ్లను స్టీలు డబ్బాల్లోకి మార్చేసింది. రెండు సందేహాలు మిగిలాయి. గోనెసంచిని కంభం ఊరిలోని చెత్తకుండీలో వేయవచ్చా, కావలికే తేవాలా? అమ్మ ఎక్కువ దూరం నడవలేరు, ఆమెకు ఏ వేళ అనుకూలం?

సమాధానం (కంభం వాసి)

దయచేసి కావలికే తీసుకుపోండి. పండుగ రోజుల్లో మా కుండీలు నిండి పొర్లుతాయి, కుక్కలు లాగి రోడ్డు మీద వేస్తాయి. ఇక అమ్మగారికి ఉదయం తొమ్మిదికి ముందు వస్తే ఎండ తక్కువ. ఆమెను కట్ట మొదట్లో దింపి, బండిని వెనక్కి తీసుకుపోయి దారికి అడ్డం లేకుండా నిలపండి. కూర్చోవడానికి మడత కుర్చీ తెచ్చుకోండి. పడమట కొండలున్నందున వెలుగు తొందరగా తగ్గుతుంది, కాబట్టి సాయంత్రం నాలుగున్నరకల్లా పిల్లలను లెక్కపెట్టుకుని బయలుదేరండి.